నా ఒళ్లె చాట

పోయిన నెల జగిత్యాల బస్టాండు దగ్గర ఆటో ఎక్కితే, పక్కన కూర్చున్నావిడ తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్న తునికాకు కట్టల వాసన గుప్పున తగిలింది. బీడీలు చుట్టే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ఆ పచ్చి వగరు వాసనకు అమ్మ గుర్తుకురావాలి, వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే ఆటోవాడి ఫోనులోంచి అమ్మ పాట మొదలైంది, అమ్మది కాని గొంతుతో, చెవులు పగిలే మోతతో. "నీ ఒళ్లె ఆట, నా నోట్లె పాట" అంటూ ఎవరో పిల్ల గోముగా పాడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

కోరుట్లలో మా చిన్నప్పుడు పొద్దెక్కగానే మా అరుగు మీదికి వాడకట్టు ఆడవాళ్లంతా చాటలు పట్టుకొని చేరేవారు. చాటలో తంబాకు, కత్తిరించిన ఆకు, దారం. గోడ మేకుకు రేడియో. ఎండాకాలం మామిడికాయ ముక్కలు ఉప్పుకారం అద్దుకొని తింటూ, వానాకాలం కాల్చిన మక్క కంకులు కొరుకుతూ, బతుకమ్మ నాళ్లలో సత్తుపిండి ముద్దలు నోట్లో వేసుకుంటూ, చేతులు మాత్రం ఆపకుండా సినిమా పాటలు వినేవారు. మేం పిల్లలం ఖాళీ దారపు రీళ్లతో బండ్లు చేసుకొని వాళ్ల కాళ్ల సందుల్లోంచి తోలుకుపోయేవాళ్లం. రేడియో ఏది వేస్తే అదే నచ్చేది, ఇంకోటి వేయమంటే వేస్తుందా ఏం! మా అమ్మ రాజవ్వ మాత్రం ఆ పాటల్లోకి తన మాటలు దూర్చి పాడేది, దాంతో అరుగంతా నవ్వులే.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న ఏడు నేను ఆరో తరగతి. రోడ్ల మీద వంటావార్పులు, చౌరస్తాలో దీక్షా శిబిరం, బడి ఉన్న రోజులకంటే బందైన రోజులే ఎక్కువ. ఉన్నట్టుండి మా అరుగుకు రేడియో చేదైంది. అది మన తీరు మాట్లాడదు, మన పాట పాడదు అని ఒకనాడు అమ్మే దాని చెవి మెలిపెట్టి నోరు మూయించింది. తర్వాత ఆడవాళ్లంతా చాటలతో సహా శిబిరానికి వెళ్లి కూర్చున్నారు, ఉద్యమం ఉద్యమమే, బీడీలు బీడీలే కదా. అక్కడ అమ్మ లేచి "నా ఒళ్లె చాట, నా నోట్లె పాట, అడిగేది ఒక్కటే మాట" అని ఎత్తుకుంది. మూడు చరణాలూ అప్పటికప్పుడు కట్టినవే.

సెల్లుల్లో పాటలెక్కించే దుకాణం నడిపే సలీం భాయ్ దాన్ని తన ఫోనులో పట్టుకున్నాడు. పేరేం రాయాలని అడిగితే, ఆడదాని పేరు పదిమంది ఫోన్లలో తిరుగుడెందుకని వెనకాడి, మా బిడ్డ శారద పేరు పెట్టుకోమంది అమ్మ. బిడ్డ ఆడది కానట్టు! నెల తిరగకముందే ఆ పాట మెమొరీ కార్డులెక్కి సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు నడిచే షెడ్ల దాకా పోయింది. ప్రతి ఫోనులోనూ శారదే. బడిలో మగపిల్లలు నన్ను చూస్తే చాలు, పరీక్ష అట్టో పుస్తకమో చాటలా చెరుగుతూ, బీడీల శారద వచ్చిందిరోయ్ అనేవారు. ఏడ్చి ఏడ్చి, ఒకనాడు సాయంత్రం నేరుగా దుకాణానికి వెళ్లి నా పేరు తీసేయమన్నాను.

"మరి ఏం పేరు పెట్టాలె బిడ్డా? అమ్మ పేరు పెట్టాల్నా?" అన్నాడు సలీం భాయ్.

"ఏం పేరొద్దు."

మగపిల్లల ఎగతాళి పడలేక అన్నానని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకున్నాను. నిజానికి బీడీలు చుట్టే రాజవ్వ బిడ్డనని ఊరంతా తెలియడం నాకు ఇష్టం లేదు. ఆ రోజు నుంచి సలీం భాయ్ ఎక్కించిన ప్రతి కార్డులోకీ పాట పేరు లేకుండానే వెళ్లింది.

ఇప్పుడు ఫోనులో లెక్కలేనన్ని పాటలు, నచ్చకపోతే వేలితో తోసేయొచ్చు, అమ్మ పాట మాత్రం వెతికినా దొరకదు. ఉన్నదల్లా ఆటోలో మోగినదే. రచన అన్నచోట జానపదం అని రాసుకున్నారు, కట్టిన మనిషి కోరుట్లలో కూర్చొని ఉండగానే! అది మా అమ్మదని ఆ పాట పెట్టినవాళ్లకు రాస్తే రుజువు చూపమన్నారు. రుజువెక్కడుంది? సలీం భాయ్ దుకాణం బిర్యానీ సెంటరైంది, పాత కార్డులు ఏమయ్యాయో ఆయనకే తెలియదు. అరుగును రోడ్డు వెడల్పులో కొట్టేశారు, దాని మీద కూర్చున్నవాళ్లలో సగంమంది లేరు.

పోయిన ఆదివారం కోరుట్ల వెళ్లి, అమ్మ ముందు ఫోను పెట్టి, పాడమ్మా, ఈసారి నీ పేరే పెడతాను అన్నాను. తంబాకు దుమ్ముకు అరిగిన గొంతు సవరించుకొని, తొడ మీద దరువేస్తూ హుషారుగా అందుకుంది.

"నీ ఒళ్లె ఆట, నా నోట్లె పాట..."

ఆట కాదమ్మా, చాట అన్నాను.

"పెండ్లిళ్లల్ల గిట్లనే పాడుతున్నరు గదనే. గిదే నోటికచ్చింది. ముందుగాల ఎట్లుండె?"

పల్లవి చెప్పాను. నోట్లోనే ఒకసారి అనుకొని, బాగుందన్నట్టు తలూపి, చరణాలు కూడా చెప్పమని నా మొహంలోకి చూసింది. నాకు రావు.