ఆ సమీక్షలో నాది కాని మాట

ఇది నేను ఏళ్ల తరబడి మోస్తున్న బరువు. మీ దగ్గర దాచను. నాకు పేరు తెచ్చిన ఆ సినిమా సమీక్షలో అసలు మాట నాది కాదు.

ఎనభైల మొదట్లో అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో ఉండేవాళ్లం. కొడుకు పోయాక ఒక సబర్బన్ కుటుంబం మాటలు మింగేసుకుని ఎలా బతుకుతుందో చూపిన హాలీవుడ్ సినిమా అది. ఎంత గొప్పగా తీశారో చెప్పలేను. అరుపుల్లేవు, పెడబొబ్బల్లేవు, అంతా భోజనాల బల్ల దగ్గరే జరిగిపోతుంది. పేపర్లన్నీ ఆకాశానికెత్తాయి. తల్లి పాత్రను మాత్రం రాతిగుండె అన్నాయి. నేనూ అదే అనుకున్నాను.

సినిమా చూసి తిరిగొస్తుంటే కార్లో నా భార్య సుజాత నోరు విప్పింది. అంతకు ముందు ఏడాదే మా పాప పోయింది. అప్పటినుంచి ఆమె మాట్లాడటమే తక్కువ.

"ఆవిడది రాతిగుండె కాదండీ. గిన్నెలు సర్దుతూనే ఉంది, చూశారా? చెయ్యి ఆగితే ఏడుపొచ్చేస్తుందని భయం."

"భలే పాయింట్ పట్టావు," అన్నాను.

ఆమె ఇంకేదో చెప్పబోయింది. నేనప్పటికే మనసులో సమీక్ష రాసుకుంటున్నాను.

మా తెలుగు సంఘం పత్రికను చేత్తో రాసి జిరాక్స్ తీసేవాళ్లం. దస్తూరి బాగుంటుందని శుభ్రంగా తిరగరాసే పని సుజాతకే అప్పగించారు. నా సమీక్ష కూడా ఆమె ముందే పెట్టాను. ఎందుకు పెట్టాను? గమనించదనుకున్నానా, లేక గమనించినా పల్లెత్తు మాట అనదన్న ధీమాతో, ఆ ధీమాకే కాపురమని పేరు పెట్టుకుని పెట్టానా? రెండోదే. తన మాటను నా పేరు కింద, ఒక్క అక్షరం మార్చకుండా రాసిచ్చింది.

తర్వాత ఇంటికో వంటకం తెచ్చుకునే సంఘం పాట్‌లక్‌లో అందరూ మెచ్చుకున్నారు. తల్లి మనసు అంత లోతుగా ఎలా తెలిసిందని ఒకావిడ అడిగితే, సినిమా రెండుసార్లు చూశానన్నాను. పక్కనే పులిహోర వడ్డిస్తున్న సుజాత తల ఎత్తలేదు.

ఆ సినిమాను ఇప్పటికీ మెచ్చుకుంటాను. సుజాతను అంతకంటే ఎక్కువ. ఆ రోజు కార్లో ఆమె చెప్పుకున్నది తన గురించే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఒక్కసారే చెప్పింది, నాకే చెప్పింది. నేను దాన్ని పత్రికకిచ్చేశాను. ఆ తర్వాత ఆమె పాప ఊసు నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.

నిరుడు సుజాత పోయింది. క్షమించమని అడుగుదామంటే మనిషి లేదు. మీకిలా చెప్పాక గుండె కాస్త తేలికపడింది. అందుకూ సిగ్గుగానే ఉంది.