పేగు పంపే కబురు

జనగామలో డిగ్రీ చదివే రోజుల్లో జువాలజీ అంటే నాకు ప్రాణం. పరీక్షలు కాగానే పెళ్లయి మహబూబాబాద్ వచ్చేశాను. మా ఆయనది నూనెలు, పప్పుల హోల్‌సేల్ దుకాణం. క్లోమం, సెక్రిటిన్ లాంటి మాటలతో ఆ ఇంట్లో ఎవరికీ పని లేదు. కొన్నాళ్లకు నాకూ లేకుండా పోయింది. పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో కుదురుకున్నాక, పోయిన ఏడాది వాటితో మళ్లీ పనిపడింది.

చుట్టాలింట్లో గృహప్రవేశం భోజనం చేసి వచ్చిన సాయంత్రం, ఆయనకు పొట్ట పైభాగంలో నొప్పి మొదలై వీపులోకి పాకింది. గ్యాస్ అనుకుని సోడా తాగారు. కాసేపటికి వాంతులు పట్టుకున్నాయి. దవాఖానకు తీసుకుపోతే రక్తపరీక్ష, స్కానింగ్ చేశారు. పిత్తాశయంలోంచి రాయి జారి క్లోమరసం వచ్చే దారికి అడ్డం పడిందని, దానివల్ల క్లోమం వాచిందని చెప్పారు. సెలైన్ పెట్టి, నొప్పి తగ్గేదాకా నోట్లో ఏమీ పెట్టొద్దన్నారు.

మరునాడు ఆయన అక్క డబ్బా నిండా గారెలు చేసుకుని వచ్చింది. తమ్ముణ్ణి చూసి కళ్లు తుడుచుకుని, చిన్న ముక్క తుంచి ఆయన నోటి దగ్గరికి తీసుకుపోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"గింత ముక్కకు ఏమైతది? మనిషి ఎట్ల గుంజుకపోయిండో సూడు" అంది.

వదిన మాటకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు మాత్రం ఎప్పుడో చదివిన పాఠం దానంతట అదే నోటికొచ్చింది.

"నూనె, పప్పు పేగులకు దిగంగనే పేగు రక్తంల ఒక కబురు ఇడుస్తది వదినా. గది అందితే క్లోమం అరిగించే రసం తయారుజేసి పంపుతది. ఇప్పుడు క్లోమం వాచి ఉన్నది. గా రసం దాన్నే అరిగిస్తది. జర ఓపిక పట్టు."

వదిన ముక్కను డబ్బాలో వేసి మూత పెట్టింది. అప్పుడే రౌండ్స్‌కు వచ్చిన డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది. భూపాలపల్లి అమ్మాయి, మా పెద్దదాని ఈడు ఉంటుంది.

"కోలిసిస్టోకైనిన్ గురించే గదమ్మా చెప్పిన్రు? ఏం చదివిన్రు మీరు?" అని అడిగింది.

ఆ పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్లయిందో. పక్కన మనిషి నొప్పితో మూలుగుతున్నా, నాకు లోపల ఎక్కడో సంతోషం కలిగింది.

డ్యూటీ అయిపోయాక ఆమె వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. హార్మోను ముక్కలైతే దాని పని అయిపోయినట్టేనని మేం చదువుకున్నామన్నాను. అన్నిటి సంగతీ అలా కాదని వివరించింది. ఈ హార్మోను పొడవాటి గొలుసులాంటిదట. ఒంట్లో దాన్ని కత్తిరించే ఎంజైములున్నాయి. కొన్ని ముక్కలు ఎందుకూ పనికిరావు. కానీ గొలుసు చివరి భాగం చెడకుండా మిగిలితే, ఆ చిన్న ముక్క కూడా క్లోమాన్ని కదిలించగలదట. రసం చాలు, ఆపమని చెప్పే హార్మోన్లు వేరే ఉన్నాయని కూడా చెప్పింది. టీ చల్లారిపోయేదాకా అడుగుతూనే ఉన్నాను.

నొప్పి తగ్గుముఖం పట్టగానే గంజి తాగించమన్నారు. ఆయన ఒక్కో చెంచా మింగి, మళ్లీ నొప్పి వస్తుందేమోనని నా మొహం చూసేవారు. రాలేదు. తర్వాత ఇడ్లీ, పల్చటి పప్పుతో మెత్తటి అన్నం. ఇంటికి వచ్చి కాస్త కోలుకున్నాక ఆపరేషన్ చేసి పిత్తాశయం తీసేశారు. ఇప్పుడు కూరల్లో నూనె తగ్గించి వండుతున్నాను. ఆయన ఏ వంకా పెట్టకుండా తింటారు.

ఇప్పుడు నేనూ ఆయనకు తోడుగా దుకాణంలో కూర్చుంటున్నాను. మధ్యాహ్నం బేరాలు తగ్గిన వేళ, ఫోన్లో శరీరధర్మశాస్త్రం పాఠాలు వింటున్నాను. అర్థమైనది ఆయనకు చెబుతుంటాను. మొన్న పాలకుర్తి నుంచి వచ్చిన ఒక వ్యాపారి కడుపులో మంట అంటే, ఆయన ఆమ్లాన్ని చల్లార్చే సెక్రిటిన్ హార్మోను గురించి తానే కాలేజీలో చదివినట్టు మొదలుపెట్టారు. సగం తప్పు. వ్యాపారి మాత్రం తలూపుతూ విన్నాడు. ఆయన ఉత్సాహం చూసి నేనేమీ సరిదిద్దలేదు. నవ్వుకుంటూ కందిపప్పు తూకం వేశాను.