ముందు వైద్యుడు తినాలి

మా ముత్తాత సంస్థానంలో ఆస్థాన వైద్యుడు. ఆయన లోపలికి వస్తే దివాను లేచి నిలబడేవాడట. మా తాత నాడి చూడ్డానికి తప్ప ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. నాన్న కాలానికి పొలాలు పోయాయి, ఇల్లు పోయింది. నాకు మిగిలినవి నల్లరాతి కల్వం, ఇత్తడి త్రాసు, తాత చేతిరాత పుస్తకం, వంగని నడుము. పోర్టులో గుమాస్తాగా పనిచేస్తూ గాజువాకలో అద్దెకుంటున్నా, ఆ నడుము మాత్రం వంచలేదు.

నా భార్య నా మేనమామ కూతురే. ఐదో నెలలో ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. కూర తరుగుతూ తరుగుతూ ఏడ్చేది. బిడ్డకేదో అవుతుందని ఒకటే భయం. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమెతో చాలాసేపు మాట్లాడి, రోజుకొక చిన్న మాత్ర రాసింది. నేను ఆ చీటీ చదివి, మడిచి, ఆమెకిచ్చాను. ఒక్క మాటా అనలేదు. దిగులుకు మా ఇంట్లో లేహ్యం ఉండేది. రాణివాసానికి వెళ్లిన లేహ్యం.

పుస్తకం తీశాను. పూర్ణా మార్కెట్‌లో వేర్లు, ఆకులు అమ్మే కొట్లో పెన్నేరు గడ్డ, జటామాంసి, ఇంకో నాలుగు దినుసులు కొన్నాను. రెండు మూడు ఆదివారాలు కల్వంలో నూరాను. ఆమె గుమ్మంలో కూర్చుని చూసేది.

"నాకెప్పుడు పెడతావు బావా?"

"మూడు రోజులాగు. కొత్తగా నూరిన మందు ముందు వైద్యుడు తినాలి. అది మా ఇంటి పద్ధతి."

"ఏటీ, పోర్టు గుమాస్తావి, వైద్యుడివెప్పుడైపోయేవు?"

మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజు ఆఫీసులో ఫైలు మీదకు తల వాలింది. మూడో రోజు సాయంత్రం గాజువాకలో దిగాల్సినవాణ్ని, ఎలమంచిలి బస్సెక్కి కళ్లు మూశాను. కండక్టరు భుజం తట్టాడు.

"ఏటి బాబూ, ఎలమంచిలొచ్చీసింది. దిగవా?"

ఇంటికొచ్చి చెబితే ఆమె నవ్వింది. ఎన్నాళ్లకో, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. అంతలోనే ఆగి, పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"ఇంత మనిషిని ఎలమంచిలి దాకా ఎత్తుకెల్లిపోయింది కదా బావా. లోపలున్నదాన్ని ఎంత దూరం తీసుకెల్తాదో?"

మర్నాడు లేహ్యం సీసా సంచిలో పెట్టుకుని ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నవ్వుతుందేమోనని ముందే నిటారుగా కూర్చున్నాను. ఆమె నవ్వలేదు. ఒక్కో దినుసు పేరూ అడిగి రాసుకుంది.

"పెన్నేరు గడ్డ గర్భిణులకు వద్దంటాం. మిగతావి బిడ్డకు ఏం చేస్తాయో సరిగా తెలీదండీ. తెలీదంటే ప్రమాదం లేదని కాదు కదా. పైగా నేనిచ్చిన మాత్రతో కలిస్తే మత్తు పెరగొచ్చు."

"మూడు రోజులు నేనే తిని చూశానండీ."

"మీ ఒంటి మీద చూశారు. మీ కడుపులో బిడ్డ లేదు కదా." ఆమె నా భార్య వైపు తిరిగింది. "మాత్ర పనిచేస్తోందా అమ్మా?"

"ఏసుకోలేదండి," అంది నా భార్య మెల్లగా. "చీటీ చదివినప్పుడు ఈయన మొగం చూసేను. పెట్టెలో దాచీసేను."

ఒక్క మాటా అనలేదని నేను లోలోపల గర్వపడుతూ వచ్చాను. అనాల్సిన అవసరమే లేకపోయింది. నేను కల్వం దగ్గర కూర్చున్న అన్ని రోజులూ ఆమె నిద్ర లేకుండా గడిపింది నా మొహం చూసి.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఆ మాత్రే ఎందుకు ఎంచుకుందో, ఏం కనిపిస్తే వెంటనే రావాలో, తనను అడక్కుండా ఎందుకు మానకూడదో ఇద్దరికీ మళ్లీ చెప్పింది.

ఆ రోజు నుంచి మాత్ర నేనే ఇచ్చాను. మా పెద్దలు మందిచ్చి, రోగి మింగేదాకా నిలబడేవారు. భోజనం కాగానే నేనూ గ్లాసుతో నీళ్లు పట్టుకుని ఆమె ఎదురుగా నిలబడేవాణ్ని.

"దివాను కూడా ఇలాగే నిలబడీవోడా బావా?"

"లేదు. ఆయన కొంచెం వంగేవాడు."

ఆమె నెమ్మదిగా తేరుకుంది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. గొంతు గట్టిది. లేహ్యం అప్పటికే పారబోశాను. తాత పుస్తకంలో ఆ పుట అంచున "గర్భిణులకు ఇవ్వరాదు" అని నా చేత్తో రాసి, పుస్తకం దాచాను. కల్వం, త్రాసు పూర్ణా మార్కెట్‌లో ఆ వేర్ల కొట్టాయనకే అమ్మేశాను.