వామి కాల్చినవాడికి పూచీ

అది 1955. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. కట్టడాలు చాలక గుమాస్తాలు డేరాల్లో కాపురముంటున్నారు. ఊరంతా డేరాలే అయినప్పుడు డేరాలు కుట్టేవాడికి కరువేముంటుంది? మా కాంట్రాక్టరు ఖాదర్ సాహెబ్‌కు మిలిటరీ ఆర్డరు కూడా వచ్చింది. తుంగభద్ర ఒడ్డున రేకుల షెడ్డు, అందులో కుట్టు మిషన్లు, గుట్టలుగా కాన్వాసు, అంటే డేరాలకు వాడే ముతక గుడ్డ. నేను అక్కడ టైం కీపర్ని. పనివాళ్ళు ఎప్పుడొచ్చారో ఎప్పుడు పోయారో చూడడం పేరుకు నా పని. నిజానికి ఎవణ్ణి పనికి పెట్టుకోవాలో చూసేదీ నేనే, వాడు తప్పు చేస్తే సాహెబ్ చేత తిట్లు తినేదీ నేనే.

మిలిటరీ సరుకు కాబట్టి కొత్తగా చేరేవాళ్ళకు వెరిఫికేషన్ ఉండేది. పోలీసులు వాడి ఊరికి వెళ్ళి నడవడి విచారించడమన్నమాట. జైలుకు వెళ్ళొచ్చినవాడైతే ఊరి మునసబు స్వయంగా వచ్చి పూచీ పడాలని సాహెబ్ నియమం. అందుకే జైలు సంగతి ఎవడూ ఎత్తడు. పని అడగడానికి వచ్చిన తిమ్మన్న మాత్రం ఎదుట నిలబడగానే చెప్పేశాడు.

"రెండేండ్లు జైల్లో ఉండొచ్చినానయ్యా. డేరాలు కుట్టే పని ఆడే నేర్పిచ్చినారు."

"ఏం చేసి పోయినావప్పా?"

"గడ్డివామి కాల్చినా."

నాకు నవ్వాగలేదు. నా వెనకే పొయ్యి మీద మైనం కాగుతోంది. వాన దిగకుండా కాన్వాసుకు పూసే మైనం అది. రవ్వ పడితే షెడ్డంతా వామే.

"నా పెండ్లాం పుట్టింట్లో ఉండాది," అన్నాడు తిమ్మన్న. "పని చూపిచ్చి పిల్చకపో అంటాండాడు మామ. ఊర్లో నన్ను కూలికి పిలిచేవాడు లేడు. ఈడ గూడా కాదంటే ఆ పిల్ల నాకు లేనట్టే."

దాంతో నా నవ్వు ఆగిపోయింది. మీ మునసబు ఎవరని అడిగాను. వీరారెడ్డి అని చెప్పాడు. కాల్చిన వామి ఎవరిదని అడిగాను. అదీ వీరారెడ్డిదే.

తిమ్మన్న ఎద్దు తన చేలో పడితే రెడ్డి దాన్ని బందెలదొడ్డికి తోలించాడట. అక్కడ నీళ్ళు పెట్టే దిక్కులేక ఎద్దు చచ్చిపోయింది. ఆ కోపంతో వీడు వామికి నిప్పు పెట్టాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నేనే రెడ్డికి కబురు పంపాను. వస్తాడని నాకూ నమ్మకం లేదు. సాహెబ్ అయితే సంగతి వింటూనే ఎగిరిపడ్డాడు.

"ఏమప్పా సుబ్బన్నా, వామి కాల్చినోన్ని తెచ్చి నా డేరాల్లో కూర్చోబెడ్తావా? దిమాక్ ఉండాదా నీకు?"

కబురు అందిన వారంలో రెడ్డి వచ్చాడు. కాన్వాసు కట్ట మీద కూర్చున్నాడు. తిమ్మన్న గుమ్మం దగ్గర అటు తిరిగి కూర్చున్నాడు. మా సీమలో మాటల్లేవంటే నిజంగానే లేవు. పక్కపక్కనే ఉన్నా మూడోవాడి నోటితోనే మాట్లాడతారు. ఆ మూడోవాణ్ణి నేనయ్యాను.

"వాన్ని అడుగప్పా, సంగటి తిన్న్యాడో లేదో," అన్నాడు రెడ్డి.

"తిన్నావా?" అన్నాను.

"తిన్న్యానని చెప్పండయ్యా."

"శానా చిక్కిపోయినాడని చెప్పు."

"అది ఆయప్పకెందుకని అడగండయ్యా."

అటు తిరిగి, ఇటు తిరిగి నా మెడ నొప్పి పుట్టింది. సాహెబ్‌కు ఓపిక చచ్చింది.

"ఈ ముచ్చట్లు వద్దు రెడ్డీ. వీడు నా షెడ్డు కాలుస్తాడా, కాల్చడా? అది చెప్పు."

రెడ్డి పొయ్యి మీద కాగుతున్న మైనం వంక చూశాడు. ఈయన కాదంటే తిమ్మన్న సంసారం అంతటితో సరి.

"ఆ పొద్దు గాలి తిరిగి మంట నా కొట్టం మీదికొచ్చింది," అన్నాడు చివరికి. "పారిపోతాండినోడు ఎనక్కొచ్చి నా ఎద్దుల పగ్గాలు కోసి బయటికి తోలినాడు. అట్ల దొరికినాడు. పారిపోయింటే కాల్చిందెవరో నాకు తెలిసేదే గాదు. వాని ఎద్దు నా వల్ల చచ్చె. నా ఎద్దులు వాని వల్ల బతికె. ఈ మాట కోర్టులో నన్నెవురూ అడగల్యా, నేనూ చెప్పల్యా. వీని పూచీ నాది."

సాహెబ్ నా వైపు తిరిగాడు. "వీన్ని మైనం పొయ్యి కాడ పెట్టు సుబ్బన్నా. మంట యాడికి పోతాదో మీయందరికన్నా వీనికే బాగా తెలుసు."

తిమ్మన్న అటు తిరిగి కూర్చునే ఏడుస్తున్నాడు. రెడ్డి లేచి దగ్గరికి వెళ్ళాడు.

"తిమ్మా, ఇంకా ఈడ కూర్చుండావేమిరా? పోయి ఆ పిల్లను పిల్చకరాపో."

"పోతాండా రెడ్డీ," అన్నాడు తిమ్మన్న.

మధ్యలో నాకు పనిలేకుండా పోయింది. పని పోయినందుకు అంత సంతోషపడింది నా జన్మలో అదొక్కసారే.

తర్వాత ఆ పిల్ల వచ్చింది. చొక్కా మీద మైనం మరకలు పోవడం లేదని వచ్చిన రోజే తిమ్మన్నను తిట్టడం మొదలుపెట్టింది. అతను ఆ తిట్లను మురిసిపోతూ విన్నాడు.

మనిషి నడవడి గురించి వాడి చుట్టాలను, స్నేహితులను అడగడం దండగని నాకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత జైలు నుంచి ఎవరొచ్చినా ఒకటే చెప్పేవాణ్ణి. నువ్వు ఎవరికి నష్టం చేశావో, ఆయన్నే పిల్చుకురా అని. చాలామంది ఆ మాటకే మాయమయ్యేవాళ్ళు. పిల్చుకొచ్చినవాళ్ళలో ఒక్కణ్ణి కూడా నేను వెనక్కి పంపలేదు.