నేను వేసిన వేలిముద్ర

పేరు ముందు డాక్టర్ అని రాసుకోవడం మానేసి చాలాకాలమైంది. బడిలో వాళ్లు అది వినయమనుకుంటారు. అనుకోనీ అని ఊరుకుంటాను. భయమని చెప్పడం కన్నా అదే తేలిక.

పీహెచ్‌డీ చేసే రోజుల్లో నేను ఆత్మకూరులో టీచర్ని. ఆడపిల్లలు ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో బడి ఎందుకు మానేస్తున్నారన్నది నా పరిశోధన. ఆదివారం వచ్చిందంటే ఫారాల కట్ట సంచిలో పెట్టుకుని, షేర్ ఆటో ఎక్కి అనంతసాగరం, సోమశిల వైపు ఊళ్లకు పోయేదాన్ని. బడి మానేసిన పిల్ల తల్లిని ప్రశ్నలడగడం, ఆమె చెప్పిన కారణానికి ఎదురుగా టిక్కు పెట్టడం, ఆమె మాట ఒకటి అడుగున రాసుకోవడం, చివర సంతకమో వేలిముద్రో తీసుకోవడం. అంతే పని. మొదట్లో ఆ తల్లులు చెప్పేది వింటే ఏడుపొచ్చేది. పోనుపోను, తిరిగి పోవడానికి ఆటో దొరుకుతుందా లేదా అన్నదే ధ్యాస అయింది.

చివరికి ఒక్క ఫారం మిగిలింది. డ్యాం కట్టినప్పుడు ఊరు మునిగిపోయి, గట్టు మీదికి వచ్చి ఇళ్లు వేసుకున్నవాళ్ల పేట అది. చేపలు పట్టి బతికే ఇల్లు. రెండుసార్లు పోయాను, రెండోసారి బడికి సెలవు పెట్టి మరీ పోయాను. రెండుసార్లూ తాళమే. బడి మేడం కాగితాలు తీసుకుని వచ్చిందని చెప్పమని పక్కింటామెతో అన్నాను. ఇంటామె ఎక్కడికి పోయిందని అడగనైనా అడగలేదు. ఫారాలన్నీ సోమవారానికి తన టేబుల్ మీద ఉండాలని గైడ్ గారు ఫోన్ చేశారు. ఒక్కటి తగ్గినా ఆయన ఒప్పుకునే రకం కాదు.

ఆ శనివారం ఉదయగిరిలో పుట్టింటికి పోతూ బస్సులో ఆ ఫారం నేనే నింపేశాను. తల్లిదండ్రులకు ఆసక్తి లేదు అన్నచోట టిక్కు పెట్టాను. చాలామందికి అదేగా పెట్టింది అనుకున్నాను. అడుగు గడిలో, "ఆడబిడ్డకు ఈ చదువు చాల్లే, ఇల్లు కనిపెట్టుకోనుంటే అదే పదివేలు" అని రాశాను. ఇంటికి చేరాక సంచిలోంచి ఇంకు ప్యాడ్ తీసి నా బొటనవేలే అద్దాను. తర్వాత చెయ్యి కడుక్కుని అమ్మ ఇచ్చిన కాఫీ తాగాను.

వైవా రోజు పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన ఆ మాటనే పైకి చదివాడు. బాగా కుదిరిందని దాన్ని ఒక అధ్యాయానికి మొదట్లో పెట్టుకున్నాను మరి. ఊళ్లు తిరిగితే గానీ ఇలాంటి మాట దొరకదని అక్కడున్న అందరికీ చెప్పాడు. ఆయన చదువుతుంటే ఆ గొంతు ఎవరిదో నాకప్పుడు తెలిసింది. మా అవ్వది. నేను పది పాసైన రోజు వసారాలో కూర్చుని అవ్వ నా గురించి అన్న మాట అది. పాతిక ఎకరాలున్న ఇంట్లో పుట్టిన మాటను తీసుకుపోయి, ఉన్న నేల నీళ్లలో పోగొట్టుకున్న మనిషి నోట్లో పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు.

అప్పటినుంచి ఆ తాళం వేసిన ఇంటామె నన్ను వదల్లేదు. బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీల దగ్గర ఎవరో ఆడమనిషి నిలబడి చూస్తున్నట్టుండేది. తిరిగితే పిల్లలే. తల్లుల మీటింగులో ఎవరైనా వేలిముద్ర వేస్తుంటే నా చూపు ఆ వేలి మీద నుంచి కదిలేది కాదు. ఎన్నడూ చూడని మనిషి కదా, రోజుకో ముఖంతో వచ్చేది. మా ఆయనకు చెబితే, ఇలా ఎంతమంది చేయలేదు, నీ ఒక్కదానికే పట్టిందా అని నవ్వాడు. నిజమే, చేసినవాళ్లంతా హాయిగానే ఉన్నారు.

పోయినేడు బదిలీ మీద అనంతసాగరం మండలానికి వచ్చాను. ఎండాకాలం సెలవుల చివర, బడిలో చేరాల్సిన పిల్లల కోసం ఇల్లిల్లూ తిరగమన్నారు. ఆ పేట నాకివ్వమని నేనే అడిగి తీసుకున్నాను. ఆమెకు నిజం చెప్పేయాలి, తిడితే పడాలి అని గట్టిగా అనుకుని పోయాను.

ఈసారి తలుపు తీసి ఉంది. ఆమె వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటోంది. నాకు కనబడిన ముఖాల్లో ఒక్కటీ కాదు. నా ఈడు మనిషి. కుర్చీ వేసింది, ఇంట్లో బడికి పోయే వయసువాళ్లు ఎవరూ లేరని చెప్పింది. రిజిస్టర్లో వేలిముద్రకని ప్యాడ్ తీయబోతే, పెన్నడిగి తీసుకుని గొలుసుకట్టుగా తన పేరు రాసింది. ప్యాడ్ మళ్లీ సంచిలో పెట్టేశాను. కూతురేం చేస్తోందని మాత్రం అడగగలిగాను. నాయుడుపేట దగ్గర ఏదో కంపెనీలో పని చేస్తోందట. కొన్నేళ్ల కిందట నేను కాగితాలు పట్టుకుని వచ్చాననీ, అప్పుడు తాళం వేసి ఉందనీ చెప్పాను.

ఆమె చేతులు వల మీదే ఆగిపోయాయి.

"ఆ పొద్దు వచ్చింది మీరేనా మేడం? పాపకు హాస్టల్ సీటు ఇప్పీమని అడిగేదానికి నేను ఆత్మకూరు ఆఫీసుకు పొయ్యుండినా. మేడం కాగితాలు తెచ్చిందని పక్కింటామె చెప్తే సీటు వచ్చిందనుకున్నాం. మళ్లీ వస్తారని వారం దినాలు వలకు పోలా. పాప బట్టలు సంచిలో సర్దుకోని వాకిట్లోనే కూర్చోనుండె."

ఆ వారంలోనే నేను ఉదయగిరి బస్సులో కూర్చుని, ఈమెకు ఆసక్తి లేదని టిక్కు పెట్టాను.

"ఇంతకీ దేనికొచ్చినారు మేడం?" అని అడిగింది.

చెప్పాలని వచ్చింది చెప్పలేదు. జనాభా లెక్కలకు వచ్చానని చెప్పాను. జీవితంలో అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

"దానికేనా," అంది. ఆమె ముఖం ఒక్కసారిగా తేటపడింది. "సీటొచ్చిన పొద్దు నువ్వు ఇంట్లో లేకపోతివే అని పాప ఇప్పటికీ నన్ను అంటానే ఉండాది. నేనూ అట్నే అనుకోని ఏడస్తా ఉన్నా. అసలు సీటే రాలేదంటలే అని ఇప్పుడే చెప్తా."

కొంగుకు చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసింది. అవతల కూతురు ఎత్తేలోపే నేను రిజిస్టర్ సంచిలో పెట్టుకుని వచ్చేశాను.