పల్లవి అయిపోనియ్యి

నాచారంలో పాటల మాస్టారు పోయాక, ఆయన స్వరాల కాగితాలను స్కాన్ చేసి, అసలువి ఒక సంగీత గ్రంథాలయానికి అప్పగించే పని నా మీద పడింది. మాస్టారి భార్యను అమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె ఏ కాగితమూ నేరుగా ఇచ్చేది కాదు. ఒళ్ళో పెట్టుకుని, పెదవులు కదుపుతూ, తొడ మీద తాళం వేస్తూ చివరిదాకా పాడుకునేది. ఆ తర్వాతే నా చేతికిచ్చేది.

ఉప్పల్‌లో ఆఫీసు ముగించుకుని వెళ్ళేవాణ్ణి. అప్పటికి నాకు ఓపిక ఉండేది కాదు.

"ఇట్లయితే పని తెమలదమ్మా. అన్నీ కంప్యూటర్లో ఉంటాయి, ఎక్కడికీ పోవు."

"కంప్యూటర్ల ఉంటయి బాబూ. నా ఒళ్ల ఉండయి గద. జర ఆగు, పల్లవి అయిపోనియ్యి."

"మిషన్ ఆగిపోతుందమ్మా."

"ఆగనియ్యి. దానికేమన్న మళ్ల శృతి జేస్కునేదుందా?"

మర్నాడు గ్రంథాలయం బండి వస్తుందనగా ఇంకా రెండు కట్టలు మిగిలాయి. ఆమె చేతిలోని కాగితాన్ని సగం పాడి ఆపేసింది. దాన్ని కట్టల మీద పెట్టి, అన్నీ నా ముందుకు జరిపింది.

"తీస్కపో బాబూ. శాతనైతలేదు."

ఆ సాయంత్రం స్కానర్ ఆగకుండా నడిచింది. ఆమె చేయి ఖాళీ ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది. వేళ్ళు తాళం వేయలేదు.