రొట్టె మరిగిన కుక్క

మాది గొర్రెలు కాసుకునే కుటుంబం. మందలో పెరగాల్సిన కుక్కపిల్లను ఎవరూ ముద్దు చేయకూడదని మా తాత కట్టడి. కళ్లు తెరవకముందే దాన్ని గొర్రెపిల్లల మధ్య పడుకోబెట్టేవాడు. ఆ వాసనలో పెరిగితే పెద్దయ్యాక మందను వదలదట.

పంతొమ్మిది వందల యాభైల్లో, ఎమ్మిగనూరు పక్కన మా ఊళ్లో, నా తొమ్మిదో ఏట పుట్టిన నల్ల కుక్కపిల్లను నేనే చెడగొట్టాను. చెబితే వినే రకాన్ని కాదు. పాలపళ్లు ఊడుతూ అది దొరికిందల్లా కొరుకుతుంటే జాలేసి, రోజూ పొద్దుగూకే వేళకు దొడ్లోకి పిలిచి సజ్జరొట్టె పెట్టేదాన్ని. ఏడాది తిరిగేసరికి నా నడుమంత ఎత్తు పెరిగింది. రొట్టె వేళను మాత్రం మరవలేదు.

ఒక సాయంత్రం మందను ఊరవతల బీడులో వదిలేసి, తోక ఊపుకుంటూ ఇంటికొచ్చింది. ఆ కాసేపట్లోనే తోడేళ్లు పడి మూడు గొర్రెపిల్లల్ని ఎత్తుకెళ్లాయి.

తాత నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“దాన్దేం తప్పు పాపా? నువ్వు నేర్పిందే అది సేసింది” అన్నాడు.

మరునాడు దాన్ని ఆదోని సంతకు తోలుకుపోయి ఎవరికో ఇచ్చి వచ్చాడు. ఆ సాయంత్రం దొడ్లో రొట్టె పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

తల్లికుక్క తర్వాతి ఈతలో పుట్టిన ఇంకో పిల్ల కుయ్‌కుయ్‌మంటూ నా కాళ్ల దగ్గరికొచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అది పెద్దదైంది. ఓ రోజు తాతకు సంగటి పట్టుకుని మంద దగ్గరికి వెళితే, నన్ను చూసి పళ్లు బయటపెట్టి గుర్రుమంది.

“కుక్కంటే ఇదీ” అని తాత మురిసిపోయాడు.